యునిక్స్ టెర్మినల్ ఆదేశాలు

యునిక్స్ టెర్మినల్ ఆదేశాలు అనగా యునిక్స్ తరహా నిర్వాహక వ్యవస్థలలో (ఆపరేటింగ్ సిస్టమ్‌లలో) మౌసుతో బొమ్మలను నొక్కడానికి బదులుగా, కీబోర్డు ద్వారా అక్షరరూపంలో కంప్యూటరుకు ఇచ్చే సూచనలు. లినక్స్, మ్యాక్ ఓఎస్, ఫ్రీ బీఎస్‌డీ మొదలైనవి ఈ తరహా వ్యవస్థలు. వీటిలో ఆదేశాలు వందల సంఖ్యలో ఉన్నప్పటికీ, నేర్చుకునేవారికి నిత్యం అవసరమయ్యేవి ఇరవైకి మించవు. ఈ కొన్నింటినీ సరైన క్రమంలో నేర్చుకుంటే చాలును. మొదట తాను ఎక్కడ ఉన్నదీ తెలుసుకోవడం, తరువాత చూడడం, ఆ తరువాత కొత్తవి సృష్టించడం, అన్నిటికన్నా చివర తొలగించడం. ఈ క్రమం తప్పినవారే ఎక్కువగా తమ ఫైళ్ళను పోగొట్టుకుంటారు.

విశాఖపట్నం వంటి రేవుపట్టణంలో టెర్మినల్ అనగానే 2003లో మొదలైన కంటైనర్ టెర్మినల్ గుర్తుకు రావడం సహజం. ఈ వ్యాసం దాని గురించి కాదు. అయితే మాట మూలం ఒక్కటే. సరుకు రవాణాకు రేవు ఎలా ఒక కొసయో, కంప్యూటరుకు మనిషి అందుబాటులోకి వచ్చే కొస ఈ టెర్మినల్. వ్యాసంలోని ఉదాహరణలు కూడా విశాఖపట్నం నుండే తీసుకున్నవి.

ఆదేశాలను చదివే పద్ధతి

యునిక్స్ ఆదేశాలను ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి. ఈ వ్యాసంలో వాటిని అక్షరాల పేర్లతో చూపడమైనది. ఉదాహరణకు ‘ఎల్‌ఎస్’ అని ఉన్నచోట ఎల్, ఎస్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలను ఖాళీ లేకుండా కొట్టాలి. ఒకే మాటగా పలికే ఆదేశాలను (డేట్, సార్ట్ వంటివి) ఆ మాటగానే రాయడమైనది. ఫైళ్ళ పేర్లు, డైరెక్టరీల పేర్లు మాత్రం ఉదాహరణలలో ఉన్నట్లే తెలుగులో టైపు చేయవచ్చును. నేటి వ్యవస్థలు వాటిని స్వీకరిస్తాయి.

పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ యునిక్స్ తేడా చూపుతుంది. ఒకే ఇంగ్లీషు పేరును పెద్ద అక్షరంతో మొదలుపెట్టి ఒకసారి, చిన్న అక్షరంతో మొదలుపెట్టి మరొకసారి రాస్తే లినక్సులో అవి రెండు వేరువేరు ఫైళ్ళు. విండోస్ అలవాటున్నవారు తరచుగా తడబడేది ఇక్కడే. తెలుగు లిపిలో పెద్ద, చిన్న అక్షరాల భేదం లేదు కనుక తెలుగు పేర్లకు ఈ చిక్కు లేదు.

పేర్లు పొట్టిగా ఉండడానికి కారణం

యునిక్స్ 1969లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, బెల్ ప్రయోగశాలలలో పుట్టింది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దీని ప్రధాన రూపకర్తలు. ఆనాడు కంప్యూటరుకు తెర ఉండేది కాదు. టెలిటైపు యంత్రం మీద టైపు చేస్తే జవాబు కాగితం మీద అచ్చయ్యేది. ఇది తంతి కార్యాలయాలలోను, పత్రికా కార్యాలయాలలోను ఒకప్పుడు కనిపించిన టెలిప్రింటరు వంటిదే. అప్పట్లో విరివిగా వాడిన టెలిటైపు 33 నమూనా సెకనుకు పది అక్షరాలు మాత్రమే అచ్చువేయగలిగేది. అందువలన కొట్టే అక్షరాలు ఎంత తగ్గితే అంత మేలు అని, ‘లిస్ట్’ అన్న మాటను ‘ఎల్‌ఎస్’ గాను, ‘కాపీ’ని ‘సీపీ’ గాను, ‘మూవ్’ను ‘ఎంవీ’ గాను, ‘రిమూవ్’ను ‘ఆర్‌ఎం’ గాను కుదించారు. యంత్రాలు పోయినా కుదింపులు మిగిలాయి.

ఇంకొక అలవాటు కూడా ఆ కాలానిదే. పని సక్రమంగా జరిగితే యునిక్స్ ఏమీ చెప్పదు. ఆదేశం ఇచ్చిన తరువాత మౌనంగా కొత్త వరుస వస్తే పని జరిగిందనే అర్థం. ఏదైనా సందేశం వస్తే అది సాధారణంగా పొరపాటును తెలిపేదే. కొత్తవారు ఈ మౌనాన్ని చూసి, పని జరగలేదనుకుని అదే ఆదేశాన్ని మళ్ళీ మళ్ళీ ఇస్తూ ఉంటారు.

టెర్మినల్, షెల్

టెర్మినల్ అనేది అక్షరాలు కనిపించే కిటికీ మాత్రమే. అందులో టైపు చేసినదాన్ని చదివి, అర్థం చేసుకుని, కెర్నల్ ద్వారా పని చేయించే ప్రోగ్రామును షెల్ అంటారు. స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యునిక్స్ ఏడవ సంచికతో వెలువడింది. దానికి వారసునిగా బ్రయాన్ ఫాక్స్ 1989లో గ్నూ ప్రాజెక్టు కోసం ‘బాష్’ రాశాడు. చాలా లినక్స్ పంపిణీలలో నేటికీ ఇదే ప్రధానం. మ్యాక్ ఓఎస్‌లో 2019 నుండి ‘జడ్ షెల్’ వస్తున్నది. ఈ వ్యాసంలోని ఆదేశాలు రెండింటిలోను పనిచేస్తాయి.

ఉబుంటు వంటి పంపిణీలలో కంట్రోల్, ఆల్ట్, టీ మీటలను కలిపి నొక్కితే టెర్మినల్ తెరుచుకుంటుంది. వరుస చివర $ గుర్తు కనిపిస్తే అది మామూలు వాడుకరికి ఇచ్చిన వరుస. # గుర్తు కనిపిస్తే అక్కడున్నది సర్వాధికారాలు గల ‘రూట్’ వాడుకరి. # ఉన్నచోట అభ్యాసం చేయరాదు.

ఎక్కడ ఉన్నాము?

షెల్ ఎల్లప్పుడూ ఏదో ఒక డైరెక్టరీలో నిలిచి ఉంటుంది. ఇచ్చిన ఆదేశం ఆ చోటికే వర్తిస్తుంది. ఆ చోటు పేరు చెప్పే ఆదేశం ‘పీడబ్ల్యూడీ’. ఈ పేరు వినగానే తెలుగువారికి ప్రజాపనుల శాఖ తోచవచ్చు. ఇక్కడ మాత్రం ఇది ‘ప్రస్తుతం పని జరుగుతున్న డైరెక్టరీని ముద్రించు’ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటల తొలి అక్షరాల కూర్పు. ఏ ప్రమాదమూ లేని ఆదేశం ఇది. తోచనప్పుడల్లా దీనిని వాడడం మంచి అలవాటు.

యునిక్స్‌లో డైరెక్టరీలన్నీ ఒకే చెట్టుకు కొమ్మలు. ఆ చెట్టు వేరును / గుర్తుతో సూచిస్తారు. విండోస్‌లోని సీ, డీ డ్రైవుల వంటి విభజన ఇక్కడ లేదు. వాడుకరి సొంత డైరెక్టరీని (హోమ్) ~ గుర్తుతో సూచిస్తారు. అభ్యాసం కోసం అందులో ఒక చిన్న విశాఖపట్నాన్ని కట్టవచ్చును. విశాఖ ఓడరేవులో లోపలి హార్బరు, బయటి హార్బరు అని రెండు ప్రధాన భాగాలున్నాయి. ఉక్కు కర్మాగారంలోని మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. వీటిని డైరెక్టరీలుగా మలచడానికి ‘ఎంకేడీఐఆర్’ ఆదేశాన్ని వాడాలి.

ఎంకేడీఐఆర్ -పీ విశాఖ/రేవు/లోపలి విశాఖ/రేవు/బయటి
ఎంకేడీఐఆర్ -పీ విశాఖ/ఉక్కు/గోదావరి విశాఖ/ఉక్కు/కృష్ణ విశాఖ/ఉక్కు/అన్నపూర్ణ

ఇక్కడి -పీ వంటి వాటిని ఐచ్ఛికాలు అంటారు. ఇది లేకపోతే, ‘విశాఖ’ ముందుగా లేనందున ఆదేశం విఫలమవుతుంది. ఆదేశానికీ పేరుకూ మధ్య, పేరుకూ పేరుకూ మధ్య ఖాళీ తప్పనిసరి. అందుచేతనే పేరు మధ్యలో ఖాళీ ఉంటే చిక్కు వస్తుంది. లోపలి హార్బరు అని ఖాళీతో రాస్తే షెల్ ‘లోపలి’, ‘హార్బరు’ అని రెండు డైరెక్టరీలు కడుతుంది. ఒకే పేరుగా తీసుకోవాలంటే దానిని ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచాలి, లేదా మధ్యలో ఖాళీకి బదులు చిన్న గీత పెట్టాలి.

ఒక డైరెక్టరీ నుండి మరొకదానికి వెళ్ళడానికి ‘సీడీ’ ఆదేశం. సీడీ విశాఖ/రేవు/లోపలి అంటే లోపలి హార్బరులోకి చేరుకుంటాము. రెండు చుక్కలు (..) ఒక మెట్టు పైనున్న డైరెక్టరీకి గుర్తు. లోపలి హార్బరు నుండి కృష్ణ ఫర్నేసుకు వెళ్ళాలంటే ముందు రేవుకు, అక్కడి నుండి విశాఖకు ఎక్కి, మళ్ళీ ఉక్కు మీదుగా దిగాలి.

సీడీ ../../ఉక్కు/కృష్ణ

ఉన్న చోటు నుండి దారి చెప్పే ఇటువంటి మార్గాన్ని సాపేక్ష మార్గం అంటారు. / తో మొదలై చెట్టు వేరు నుండి మొత్తం దారిని చెప్పేది నిరపేక్ష మార్గం. ఉత్తరం మీద పూర్తి చిరునామా రాయడానికీ, వీధిలో ఎదురైనవారికి ‘రెండు సందులు దాటి ఎడమకు’ అని చెప్పడానికీ ఉన్న తేడాయే ఇది. ఏ పేరూ ఇవ్వకుండా సీడీ అని మాత్రమే కొడితే సొంత డైరెక్టరీకి తిరిగి వస్తాము. సీడీ - అంటే ఇంతకు ముందున్న చోటికి.

ఉన్న చోట ఏమేమి ఉన్నవో చూపేది ‘ఎల్‌ఎస్’. -ఎల్ ఐచ్ఛికంతో ప్రతి ఫైలు యజమాని, పరిమాణం, తేదీ కూడా కనిపిస్తాయి. చుక్కతో మొదలయ్యే పేర్లు దాగి ఉంటాయి. వాటిని కూడా చూపాలంటే -ఏ ఐచ్ఛికం ఇవ్వాలి.

తెలుగు పేర్లు వాడేటప్పుడు ఆదేశానికి ఇంగ్లీషు కీబోర్డు, పేరుకు తెలుగు కీబోర్డు అని మాటిమాటికీ మారవలసి వస్తుంది. ట్యాబ్ మీట ఈ శ్రమను తగ్గిస్తుంది. పేరులోని మొదటి అక్షరం కొట్టి ట్యాబ్ నొక్కితే మిగిలినది షెల్ పూర్తి చేస్తుంది. తప్పుడు పేరును అది పూర్తి చేయదు కనుక అక్షరదోషాల బెడద కూడా తగ్గుతుంది.

ఫైళ్ళను చదవడం, నకలు తీయడం

‘తేదీలు’ అనే ఫైలులో ఈ కింది ఏడు వరుసలు ఉన్నాయనుకుందాము. వీటిని ఏదైనా టెక్స్ట్ ఎడిటరులో రాసుకోవచ్చును.

1971 ఉక్కు కర్మాగారం శంకుస్థాపన
1933 ఓడరేవు
2014 హుద్‌హుద్ తుఫాను
1926 ఆంధ్ర విశ్వవిద్యాలయం
1957 చమురు శుద్ధి కర్మాగారం
1976 బయటి హార్బరు
1941 నౌకా నిర్మాణశాల శంకుస్థాపన

చిన్న ఫైలును తెరమీద చూపడానికి ‘సీఏటీ’ (క్యాట్ అని పలుకుతారు), పెద్ద ఫైలును పుట పుటగా చదవడానికి ‘లెస్’ వాడతారు. లెస్ నుండి బయటకు రావడానికి క్యూ అక్షరం నొక్కాలి. ఇది తెలియక టెర్మినల్‌నే మూసివేసే కొత్తవారు తక్కువేమీ కాదు.

నకలు తీయడానికి ‘సీపీ’. సీపీ తేదీలు తేదీలు-నకలు అంటే రెండవ పేరుతో ఒక ప్రతి తయారవుతుంది. డైరెక్టరీని లోపలి వాటితో సహా నకలు తీయాలంటే -ఆర్ ఐచ్ఛికం అవసరం. ‘ఎంవీ’ ఫైలును ఒక చోటి నుండి మరొక చోటికి తరలిస్తుంది. పేరు మార్చడానికి కూడా ఇదే ఆదేశం. యునిక్స్ దృష్టిలో పేరు మార్చడం, చోటు మార్చడం ఒకే పని.

ఈ రెండు ఆదేశాలతోను ఒక జాగ్రత్త అవసరం. గమ్యస్థానంలో అదే పేరుతో వేరొక ఫైలు ముందే ఉంటే, మామూలుగా దానిని అడగకుండానే చెరిపి దాని స్థానాన్ని కొత్తది ఆక్రమిస్తుంది. -ఐ ఐచ్ఛికం ఇస్తే ముందుగా అనుమతి అడుగుతుంది.

తొలగించడం

‘ఆర్‌ఎం’ ఫైలును తొలగిస్తుంది. విండోస్‌లోని రీసైకిల్ బిన్ వంటి మధ్య మజిలీ ఏదీ దీనికి లేదు. పోయిన ఫైలును తిరిగి తెచ్చే ఆదేశమూ లేదు. డైరెక్టరీని అందులోని సమస్తంతో సహా తొలగించేది ఆర్‌ఎం -ఆర్. ఖాళీ డైరెక్టరీని మాత్రమే తొలగించే ‘ఆర్‌ఎండీఐఆర్’ ఇంతకన్నా సురక్షితం. లోపల ఏదైనా ఉంటే అది పని చేయడానికి నిరాకరిస్తుంది.

అసలు ప్రమాదం నక్షత్రపు గుర్తుతో (*) వస్తుంది. ఇది ‘ఏ అక్షరాలైనా సరే’ అని అర్థమిచ్చే చిహ్నం. ఈ రెండు వరుసలను పోల్చి చూడాలి.

ఆర్‌ఎం తేదీలు*
ఆర్‌ఎం తేదీలు *

మొదటిది ‘తేదీలు’ అనే అక్షరాలతో మొదలయ్యే ఫైళ్ళను తొలగిస్తుంది. రెండవదానిలో నక్షత్రానికి ముందు ఒక ఖాళీ ఉన్నది. షెల్ దానిని ‘తేదీలు’ అనే ఫైలు, దానితోపాటు ఈ డైరెక్టరీలోని ఫైళ్ళన్నీ అని అర్థం చేసుకుంటుంది. ఒక్క ఖాళీతో ఒక సంవత్సరపు పని పోవచ్చును. అందుచేత నక్షత్రం వాడేటప్పుడు అదే వరుసను ముందు ఎల్‌ఎస్‌తో ఇచ్చి, ఏయే పేర్లు వస్తున్నవో కళ్ళారా చూసుకుని, ఆ తరువాతే ఎల్‌ఎస్ స్థానంలో ఆర్‌ఎం పెట్టడం ఉత్తమం.

ఇది విద్యార్థులకు మాత్రమే జరిగే ప్రమాదం కాదు. 1998లో పిక్సార్ సంస్థ ‘టాయ్ స్టోరీ 2’ చిత్రాన్ని తీస్తుండగా ఇటువంటి తొలగింపు ఆదేశం ఒకటి పొరపాటున నడిచి, చిత్రం ఫైళ్ళలో అధికభాగం చెరిగిపోయింది. సంస్థలోని భద్రప్రతులు సరిగా పనిచేయడం లేదని అప్పుడే తెలిసింది. సాంకేతిక పర్యవేక్షకురాలు గేలిన్ సుస్మన్ బిడ్డను చూసుకుంటూ ఇంటి నుండి పనిచేయడం కోసం ఉంచుకున్న కంప్యూటరులో ఒక ప్రతి ఉండడంవలన చిత్రం దక్కింది.

గొట్టాలు, మళ్ళింపులు

ఒక ఆదేశం ఇచ్చే ఫలితాన్ని తెరమీదకు కాక ఫైలులోకి పంపడానికి > గుర్తు వాడతారు. వరుసలను క్రమంలో పెట్టే ‘సార్ట్’ ఆదేశంతో

సార్ట్ తేదీలు > వరుస

అని ఇస్తే, 1926లో మొదలై 2014తో ముగిసే జాబితా ‘వరుస’ అనే ఫైలులో చేరుతుంది. రెండు గుర్తులు (>>) వాడితే పాత విషయం చెరగకుండా దాని అడుగున కొత్తది చేరుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటున్నది. ఫైలును దానిలోకే క్రమపరచాలని సార్ట్ తేదీలు > తేదీలు అని ఇస్తారు. ఫలితం ఖాళీ ఫైలు. కారణమేమంటే, షెల్ ముందుగా > గుర్తును చూసి ఆ ఫైలును ఖాళీ చేసి సిద్ధంగా ఉంచుతుంది. తరువాతనే సార్ట్ మొదలవుతుంది. అప్పటికి చదవడానికి ఏమీ మిగలదు. వేరే పేరుతో ఫలితాన్ని తీసుకుని తరువాత ఎంవీతో పేరు మార్చుకోవాలి.

నిలువు గీత (|) ఒక ఆదేశం ఫలితాన్ని మరొక ఆదేశానికి అందిస్తుంది. దీనిని పైపు, అనగా గొట్టం అంటారు. డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ సూచన మేరకు 1973లో ఇది యునిక్స్‌లో చేరింది. చిన్న పనిముట్లను ఒకదానికొకటి తగిలించి పెద్ద పని సాధించే యునిక్స్ పద్ధతికి ఇదే ఆయువుపట్టు.

ఫైలులో ఒక మాట ఉన్న వరుసలను వెతికి తీసేది ‘జీఆర్‌ఈపీ’ (గ్రెప్ అని పలుకుతారు).

గ్రెప్ కర్మాగారం తేదీలు | సార్ట్

అనే ఆదేశానికి రెండు వరుసలు వస్తాయి. మొదట 1957 నాటి చమురు శుద్ధి కర్మాగారం, తరువాత 1971 నాటి ఉక్కు కర్మాగారం. వరుసలను లెక్కపెట్టే ‘డబ్ల్యూసీ -ఎల్’ను చివర తగిలిస్తే 2 అనే అంకె మాత్రమే వస్తుంది. జాబితా ఏడు వరుసలది అయినప్పుడు ఇది ఆటగా తోచవచ్చును. ఏడు లక్షల వరుసలకు కూడా ఆదేశం ఇదే.

తెలుగు పాఠంతో వచ్చే చిక్కులు

ఇంగ్లీషు పుస్తకాలు చెప్పని కొన్ని విషయాలు తెలుగులో పనిచేసేవారికి ఎదురవుతాయి. వాటికి మూలం అక్షరాలను దాచే పద్ధతి. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఈ సంకేతాలను ఫైలులో బైట్లుగా దాచడానికి నేడు సర్వత్రా వాడే పద్ధతి యూటీఎఫ్-8. యునిక్స్ సృష్టికర్త కెన్ థాంప్సనే 1992లో రాబ్ పైక్‌తో కలిసి దీనిని రూపొందించాడు. ఇందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి.

‘విశాఖపట్నం’ అనే మాటను తెలుగువారు వి, శా, ఖ, ప, ట్నం అని ఐదు అక్షరాలుగా లెక్కిస్తారు. కంప్యూటరు లెక్క వేరు. గుడి, దీర్ఘం, పొల్లు, సున్న అన్నీ వేరువేరు సంకేతాలు.

ఎకో -ఎన్ విశాఖపట్నం | డబ్ల్యూసీ -ఎం

అని అడిగితే జవాబు 10. అదే ఆదేశంలో చివరి అక్షరం ఎం బదులు సీ పెట్టి బైట్లు ఎన్ని అని అడిగితే జవాబు 30. మూడు జవాబులూ సరియైనవే, అడిగిన ప్రశ్నలే వేరు. ఫైలు పేరుకు లినక్సులో సాధారణంగా ఉన్న పరిమితి 255 బైట్లు కనుక, తెలుగు పేరులో 85 సంకేతాలకు మించి పట్టవు. వ్యాసం శీర్షికను మొత్తంగా ఫైలు పేరుగా పెట్టే అలవాటున్నవారికి ఇది అడ్డు తగులుతుంది.

వెతుకులాటలో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. పై జాబితాలోని ‘హుద్‌హుద్’లో మొదటి పొల్లుకూ దాని తరువాతి ‘హు’కూ మధ్య, ఆ రెండూ కలిసి ఒత్తుగా మారకుండా ఆపే కంటికి కనిపించని సంకేతం ఒకటి ఉన్నది. దానిని శూన్యవెడల్పు విభాజకం అనవచ్చును. దానితో కలిపి మాటకు తొమ్మిది సంకేతాలు, అది లేకుండా రాస్తే ఎనిమిది. గ్రెప్‌కు ‘హుద్హుద్’ అని ఇస్తే ఫైలులో ఆ తుఫాను ఉన్నా ఏమీ దొరకదు. ‘తుఫాను’ను కొందరు ‘తుపాను’ అని రాస్తారు, అది కూడా దొరకదు. మాట మొత్తం ఇవ్వకుండా చిక్కులేని భాగాన్ని, ఉదాహరణకు ‘హుద్’ అని మాత్రం, ఇచ్చి వెతకడం తేలికైన ఉపాయం.

సార్ట్ సంకేతాల వరుసను బట్టి పేర్చినప్పుడు ఫలితం తెలుగు నిఘంటువుల క్రమానికి కొంత భిన్నంగా ఉంటుంది. యూనికోడ్‌లో ‘ఱ’ను ‘ర’ పక్కన, ‘ళ’ను ‘ల’ పక్కన ఉంచారు. వర్ణమాలలో ఇవి చివరన వస్తాయి. విద్యార్థుల పేర్ల పట్టిక వంటివి తయారుచేసేటప్పుడు దీనిని గమనించాలి.

ఇక కనిపించే తీరు. టెర్మినల్ తెరను సమానమైన గళ్ళుగా విభజించి గడికొక అక్షరం పెడుతుంది. ఇంగ్లీషుకు ఇది చక్కగా కుదురుతుంది. గుణింతాలు, ఒత్తులు గల తెలుగు అక్షరాలు ఈ గళ్ళలో ఇమడవు. అందువలన అనేక టెర్మినళ్ళలో ఒత్తులు పక్కకు జరిగి, గుణింతాలు విడిపోయి కనిపిస్తాయి. కిటికీలు లేని లినక్స్ కన్సోలులో అయితే ఖతిలో 512 ఆకృతులకు మించి పట్టవు, అక్షరాలను కలిపే ఏర్పాటూ లేదు. అక్కడ తెలుగుకు బదులు డబ్బాలు వస్తాయి. ఎల్‌ఎస్ ఇచ్చినప్పుడు తెలుగు పేర్లకు బదులు ప్రశ్నార్థకాలో, 340, 260, 261 అంకెలు పదేపదే దొర్లే వరుసలో కనిపిస్తే, ఆ షెల్‌కు యూటీఎఫ్-8 అమరిక లేదని అర్థం. ‘లొకేల్’ అనే ఆదేశంతో అమరికను చూడవచ్చును.

వీటిలో ఏ సందర్భంలోనూ ఫైలుకు హాని జరగలేదు. అదే ఫైలును మామూలు ఎడిటరులో తెరిస్తే తెలుగు చక్కగా కనిపిస్తుంది. తెరమీద గజిబిజిని చూసి ఫైలు పాడైందని తొలగించరాదు.

తేదీ, పంచాంగం

‘డేట్’ ఆదేశం ప్రస్తుత తేదీ, సమయాలను తెలుపుతుంది. భారతదేశానికి అమర్చిన కంప్యూటరులో ఇది 82°30' తూర్పు రేఖాంశానికి చెందిన భారత ప్రామాణిక సమయం. ఆ రేఖ కాకినాడకు సమీపంగా పోతుంది. విశాఖపట్నం దానికి ఇంకా తూర్పున ఉన్నందున ఇక్కడి సూర్యుడు గడియారం కన్నా సుమారు మూడు నిమిషాలు ముందుంటాడు. యునిక్స్ లోలోపల కాలాన్ని 1970 జనవరి 1, గ్రీనిచ్ అర్ధరాత్రి (మనకు ఉదయం 5:30) నుండి గడిచిన సెకన్లుగా లెక్కిస్తుంది. ఆ సంఖ్యను 32 బిట్లలో దాచే పాత యంత్రాలలో ఈ లెక్క 2038 జనవరి 19, మన సమయం ఉదయం 8:44కు నిండిపోతుంది.

‘సీఏఎల్’ (క్యాల్) కేలండరు చూపుతుంది. క్యాల్ 10 1933 అంటే విశాఖ రేవులోకి ఓడల రాకపోకలు మొదలైన అక్టోబరు 7 శనివారమని తెలుస్తుంది. క్యాల్ 10 2014 అంటే హుద్‌హుద్ తీరం దాటిన 12వ తేదీ ఆదివారమని తెలుస్తుంది. చాలా కంప్యూటర్లలో క్యాల్ 9 1752 అని ఇస్తే 2వ తేదీ తరువాత 14వ తేదీ వస్తుంది. అది దోషం కాదు. బ్రిటన్ ఆ నెలలో పాత కేలండరును వదలి గ్రెగోరియన్ కేలండరును స్వీకరిస్తూ పదకొండు రోజులను వదిలివేసింది.

అనుమతులు

ప్రతి ఫైలుకూ యజమాని, సమూహం, ఇతరులు అని మూడు వర్గాలవారికి చదవడం (4), రాయడం (2), నడపడం (1) అనే అనుమతులు వేరువేరుగా ఉంటాయి. వీటిని మార్చేది ‘సీహెచ్‌ఎంఓడీ’. సీహెచ్‌ఎంఓడీ 640 తేదీలు అంటే యజమాని చదవవచ్చు, రాయవచ్చు. సమూహం చదవవచ్చు. ఇతరులకు ఏ హక్కూ లేదు. ఏ ఆదేశానికైనా ముందు ‘సుడో’ చేరిస్తే అది రూట్ అధికారంతో నడుస్తుంది. ఎక్కడో చూసిన సుడో ఆదేశాన్ని అర్థం తెలియకుండా నకలు చేసి అతికించడం తాళంచెవిని అపరిచితుని చేతిలో పెట్టడమే.

సహాయం

‘ఎంఏఎన్’ (మ్యాన్) తరువాత ఆదేశం పేరు రాస్తే దాని వివరణ పుట తెరుచుకుంటుంది. ఈ వివరణల తొలి సంపుటి 1971 నవంబరులో వెలువడింది. ఇవి క్లుప్తంగా, కొంత కఠినంగా ఉంటాయి. బోధించడానికి కాక గుర్తుచేయడానికి రాసినవి. నడుస్తున్న ఆదేశాన్ని ఆపడానికి కంట్రోల్, సీ మీటలు నొక్కాలి. కనుక టెర్మినల్‌లో నకలు తీయడానికి ఆ మీటలు పనికిరావు. లినక్సులో వాటితోపాటు షిఫ్ట్ కూడా నొక్కాలి. కంట్రోల్, ఎస్ పొరపాటున నొక్కితే తెర బిగుసుకుపోతుంది. కంట్రోల్, క్యూ నొక్కితే మళ్ళీ కదులుతుంది.

తెలుగులో యునిక్స్ తరహా వ్యవస్థలు

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు, లినస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసిన లినక్స్ కెర్నల్ కలిసి యునిక్స్ తరహా వ్యవస్థను ఎవరైనా ఉచితంగా పొంది, మార్చుకుని, తమ భాషలోకి తెచ్చుకునే వీలు కల్పించాయి. డెబియన్ ఆధారంగా తెలుగులో రూపొందిన ‘స్వేచ్ఛ’ 2005లో వెలువడింది. సీ-డాక్ సంస్థ 2007లో విడుదల చేసిన ‘బాస్’ కూడా డెబియన్ ఆధారితమే, ఇది తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో పనిచేస్తుంది. వీటిలో మెనూలు, సందేశాలు తెలుగులో కనిపిస్తాయి. ఆదేశాల పేర్లు మాత్రం ఇంగ్లీషువే. అయితే బాష్‌లో ‘ఏలియాస్’ అనే సౌకర్యంతో ఒక ఆదేశానికి మారుపేరు పెట్టుకోవచ్చును. ఆ మారుపేరు తెలుగు లిపిలో ఉన్నా షెల్ అభ్యంతరపెట్టదు.

ఏలియాస్ చూపు=ఎల్‌ఎస్

అని ఒకసారి ఇస్తే, ఆ టెర్మినల్ మూసేవరకు ‘చూపు’ అని తెలుగులో కొట్టినా జాబితా వస్తుంది. ఎల్లప్పుడూ ఉండాలంటే ఈ వరుసను సొంత డైరెక్టరీలోని దాగి ఉన్న బాష్ అమరికల ఫైలులో చేర్చాలి. ‘ఆర్‌ఎం -ఐ’ అనేదానికి ‘తొలగించు’ అని పేరు పెట్టుకుంటే, ఆ మాటతో తొలగించినప్పుడల్లా షెల్ ఒకసారి అడిగి మరీ ఫైలును తొలగిస్తుంది. రెండు మాటలున్నందున అక్కడ ‘ఆర్‌ఎం -ఐ’ని ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచాలి.